చివరి పీరియడు ఆయమ్మది

పిల్ల చేత ఒకే మాట పదిసార్లు రాయించి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో దస్తూరీ!" అని మురిసిపోయే తల్లుల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. వాళ్లని చూసి కాదు, నన్ను నేను తలుచుకుని. ఆ పని నేనూ చేశాను. మూడు నెలలపాటు ఒక్క రోజు నాగా పెట్టకుండా చేశాను. ఆ దెబ్బకి ఒక ఆడపిల్ల చదువు కొండెక్కాల్సింది, ఎలాగో గట్టెక్కింది. బడుల్లో కొత్తగా చేరుతున్న టీచరమ్మలు, ఒళ్లో పిల్లని కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించే కోడళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను టీచర్ని కాను. ఆయమ్మని. సీతాఫల్‌మండిలో ఒక అద్దె మేడలో నడిచే చిన్న ప్రైవేటు బడిలో పదిహేడేళ్లు పనిచేశాను. గంట కొట్టడం, ముక్కులు తుడవడం, నీళ్ల కుండ నింపడం, పెద్ద మేడమ్ రాసిన సర్క్యులర్ పుస్తకం గది గదికీ మోసుకెళ్లి టీచర్ల చేత సంతకాలు పెట్టించడం నా పనులు. ఆ సర్క్యులర్లన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఎల్లుండి సెలవని నేనే మోసుకెళ్లి, ఆ సంగతి తెలియక ఎల్లుండి పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడిన రోజులున్నాయి.

మాది విజయనగరం వైపు. మా ఆయనకి రైల్వేలో కళాసీ ఉద్యోగం రావడంతో మెట్టుగూడకి వచ్చి పడ్డాం. నా చదువు రెండో తరగతి. మూడులో కూర్చున్న పది రోజులకే మా అమ్మకి చెల్లెలు పుట్టింది. దాన్ని ఎత్తుకోవడానికి నన్ను బడి మాన్పించారు. పలక మాత్రం నేను ఇవ్వలేదు. చంకలో చెల్లెలు, చేతిలో పలక. అలా నేర్చుకున్నదే నాకున్న కాస్త రాతా చదువూ.

నేను చెప్పేది కంప్యూటర్ల పిచ్చి ముదిరిన రోజుల సంగతి. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే. పాలవాడి కొడుకు కూడా కంప్యూటరే. మా బడిలో మేడ మీద ఇంగ్లీషు మీడియం గదులు కిటకిటలాడేవి. కింద ఒక్క తెలుగు మీడియం మిగిలింది. అందులో ఒకటో తరగతికి పదకొండు మంది. పక్క మేడలోనే ఒక కంప్యూటర్ సెంటరు పెట్టారు. వాళ్ల ప్రింటరు పొద్దస్తమానం కర్రుకర్రుమంటూ బారెడు బారెడు కాగితం కక్కేది. రెండంచులా వరసగా చిల్లులు, ఒక పక్క ఏవో గీతలూ అంకెలూ, రెండో పక్క మల్లెపూవులా తెలుపు. అంత మంచి కాగితాన్ని వాళ్లు చెత్తలో పారేసేవారు! నేను చూసి ఊరుకునే మనిషినా? వెళ్లి వాచ్‌మన్‌ని నాలుగు దులిపాను. అప్పట్నుంచి శనివారం శనివారం ఒక కట్ట నాకు తీసి ఉంచేవాడు.

పిసినారి అనేవారు నన్ను. అననీ. అరిగిపోయిన సుద్దముక్కలు గాజు సీసాలో వేసి దాచేదాన్ని. సాయంత్రం గేటు దగ్గర నిలబడి పిల్లల గుప్పిళ్లు విప్పించి, బడి సుద్ద ఒక్క ముక్క బయటికి పోకుండా చూసేదాన్ని. పిల్లలు నన్ను చూస్తే ముందు చేతులు చాపేవారు, తరవాతే టాటా చెప్పేవారు.

ఒకటో తరగతి టీచరమ్మకి ఇరవై రెండేళ్లుంటాయి. తాతల నాటి నుంచీ ఈ ఊరివాళ్లే. నవ్వితే గదంతా నవ్వినట్టుండేది. ఆ పిల్లకీ కంప్యూటర్ గాలి సోకింది. పక్క సెంటర్లో కోర్సులో చేరింది. ఆ క్లాసు సరిగ్గా మా చివరి పీరియడు వేళకి.

"ఆయమ్మా, జెర లాస్ట్ పీరియడ్ చూస్కోరాదు? పెద్ద మేడమ్‌కు చెప్పకు. నీకు పుణ్యముంటది."

"పుణ్యం సంగతి తరవాత. పిల్లలకేటి చెప్పమంటావు?"

"ఏం చెప్పకు. కాపీ రాయించు. సప్పుడు గాకుంటె సాలు."

అలా చివరి పీరియడు నాదయింది. పెద్ద మేడమ్ ఆ వేళప్పుడు మేడ మీదే ఉండేది. నాలుగింటికి నేను గంట కొట్టాకే కిందికి దిగేది.

ఆ పదకొండు మందిలో ఒక పిల్ల ఉండేది. ఎనిమిదేళ్లు నిండాయి, అందరికంటే పొడుగు, అందుకని చివరి బల్ల. ఒకటో తరగతి చదవడం అది రెండోసారి. దాని తల్లి మా బడి గేటుకి ఎదురుగానే ఇస్త్రీ బండి పెట్టుకునేది. తండ్రి లేడు. పిల్ల ఎంత చురుకంటే, తెలుగు వాచకంలో అయిన పాఠాలన్నీ గడగడా చదివేసేది. మరి రెండోసారి అదే తరగతి ఏమిటని నాకు వింతగా ఉండేది.

ఒకరోజు పక్కన నిలబడి చూశాను. వేలు పెట్టి చదువుతోంది. వేలు పంక్తి చివరికి వెళ్లిపోయింది, నోట్లో ఇంకా రెండు మాటలున్నాయి.

"ఆగవే. పుస్తకం చివర్లో పాఠం తియ్యి. చదువు."

పిల్ల నా మొహం చూసింది. "అది టీచర్ ఇంక చెప్పలే ఆయమ్మా."

చెప్పకపోతే చదవలేదన్న మాట. చదువుతున్నది కాదు, అప్పజెబుతున్నది. గోడ మీద గుణింతం పటంలో 'కీ' చూపించి ఇదేమిటన్నాను. పిల్ల వేళ్ల మీద "క, కా, కి, కీ" అని లెక్కపెట్టుకుని "కీ" అంది. మళ్లీ 'కో' చూపిస్తే మళ్లీ 'క' నుంచి బయల్దేరింది. మా రైల్వే భాషలో చెప్పాలంటే, దానికి గుణింతం ఒక రైలు. మొదటి స్టేషన్లో ఎక్కితేనే దిగాల్సిన చోట దిగుతుంది, మధ్య స్టేషన్లో ఎక్కలేదు. తక్కిన పదిమందీ కాస్త అటూ ఇటూగా అంతే.

ఆ సాయంత్రం గేటు దగ్గర దాని తల్లితో మాట కలిపాను. ఆవిడ బొగ్గుల పెట్టె ఊపుతూ చెప్పింది.

"నాకు ఎర్కనే ఆయమ్మా. పోయినేడు సుత గిట్లనే. ఈ పారి గూడ మల్ల ఒకటే అంటె నేనేం జేతు? యాప్రాల్‌ల మా ఆడిబిడ్డ ఉన్నది. ఆడ కొత్త అపార్ట్‌మెంట్లు లేచినయ్. కంప్యూటరోళ్లు. మొగుడు పెండ్లాం ఇద్దరు ఆఫీసుకు పోతరంట, సంటిపిల్లను ఎత్తుకోనీకి ఒక పిల్ల గావాలె అంటున్రు. కడుపునిండ తింటది. చదువు రానిదాన్ని పట్టుకోని బడి బడి అంటె ఎట్ల?"

"పరీక్ష దాకా ఆగు" అన్నాను.

"మార్చి దాంక ఆగుత. పాస్ అయితె చదువుకుంటది. లేకుంటె యాప్రాలే."

సంటిపిల్లని ఎత్తుకోవడానికి. ఇంటికెళ్లే దారంతా ఆ మాట నా చెప్పుల్లో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

సరే, నాకు తెలిసిన మందు ఒక్కటే. రాయించడం. ఒక్కో మాట పదిసార్లు. దసరా సెలవులు అయిన మర్నాటి నుంచి షురూ చేశాను. చిల్లుల కాగితాలు చింపి అందరికీ పంచి, బోర్డు మీద అయిదు మాటలు రాసి, స్కేలు పట్టుకుని తిరిగేదాన్ని. కొట్టలేదు, చూపించానంతే. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. అందరికంటే పొడుగు పిల్లవి ఇంకా గుండ్రంగా. కట్టలు కట్టలు దాచాను. 'ఇంత రాసిన పిల్లకి చదువెందుకు రాదు' అని నా ధీమా.

జనవరిలో ఒకరోజు పిల్లల గ్లాసుల్లో నీళ్లు పోసుకుంటూ వెనక బల్ల దగ్గరికి వచ్చాను. ఆ పిల్ల 'పలక' అని రాస్తోంది. రాస్తోంది అంటే ఎలా? పై నుంచి కిందికి ప, ప, ప, ప, పది 'ప'లు, నిచ్చెన మెట్లలాగా. తరవాత మళ్లీ పై నుంచి పది 'ల'లు. తరవాత పది 'క'లు. నేను నీళ్ల చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పదిసార్లు రాసింది కదా, పలక అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు!

"ఇదేటే?"

"గిట్ల రాస్తె జెల్ది అయితది ఆయమ్మా."

"ఎవరు నేర్పేరు నీకు?"

"అందరం గిట్లనే."

అందరివీ చూశాను. అందరూ అంతే. పదకొండు మందీ నాకు మూడు నెలలుగా వరి నాట్లు వేసి చూపిస్తున్నారు, నేను పంట ఏదని చూస్తున్నాను. ఇంటికెళ్లి దాచిన కట్టలు విప్పి చూసుకున్నాను. ఒక్కొక్క అక్షరం చక్కగా ఉంది. ఒక్క మాటా లేదు.

మర్నాడు టీచరమ్మకి చెబితే పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆపేసింది. తన కంప్యూటర్ నోట్సు తీసి నా ముందు పెట్టింది.

"ఆయమ్మా, నేను సుత గంతే. సార్ బోర్డు మీద ప్రోగ్రాం రాస్తడు, మేం దింపుకుంటం. మొన్న ఒక ముక్క సొంతంగ రాయమన్నడు. నా చెయ్యి ఆగిపోయింది. ఆర్నెల్లాయె, ఫీజు కట్టి నాట్లు వేస్తున్న!"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ మార్చి దగ్గరికొస్తోంది, యాప్రాల్ కూడా.

దారి దొరికింది ఎక్కడో కాదు, నా గొణుగుడులో. నెలకొకసారి బడికి కావలసిన సరుకుల చీటీ నేను రాసి ఇవ్వాలి. గంట కొట్టాక వరండాలో కూర్చుని రాసేదాన్ని. చూసి రాయడానికి నా ముందు ఏ పుస్తకం ఉంటుంది? మాటని నోట్లోనే సాగదీసుకుంటాను, చెవికి ఏది వినపడితే అది కాగితం మీద పెడతాను, పెట్టి మళ్లీ చదువుకుంటాను. చెల్లెల్ని చంకనేసుకుని నేర్చుకున్నది కూడా ఇలాగే. నలభై ఏళ్లుగా చేస్తున్నా దానికి పేరేమైనా ఉందని నాకు తెలియదు.

తల్లి బండికి తాళం వేసే దాకా ఆ పిల్ల వరండాలోనే ఉండేది. పక్కన చేరింది.

"ఆయమ్మా, ఎవర్ని తిడుతున్నవ్?"

"ఎవర్నీ కాదు. చీపుర్లు రాస్తున్నాను."

"చూడకుండనా?"

"చెవిలో ఉంది కదా, చూడ్డమెందుకు?"

పిల్ల నా చీటీ మీదికి వంగింది. "నేను రాయాల్నా?"

కాగితం చిల్లుల అంచు ఒకటి చింపి ఇచ్చాను. పిల్ల 'చీ... పు... రు' అని మూడుసార్లు అనుకుంది, కళ్లు మూసుకుంది, 'చ' నుంచి గుణింతం లెక్కపెట్టుకుంది, రాసింది. 'చపురు.' తప్పే. కానీ అడ్డంగా రాసింది! ఎడమ నుంచి కుడికి, ఒక మాట, తన సొంతం.

"చదువు."

"చీపురు."

"నువ్వు రాసింది నేను చదవనా? చ-పు-రు."

పిల్ల ఫక్కున నవ్వింది. "చపురేంది, ఛీ!" అని కాగితం లాక్కుని, మళ్లీ నోట్లో సాగదీసి, గుడి ఒకటి పెట్టింది. మళ్లీ చదివించింది నా చేత. సాగలేదని ఆ గుడికి దీర్ఘం చుట్టింది. అప్పుడు చీపురు అయింది. వేలు ఎక్కడుందో నోరు అక్కడే ఉంది. అది నేను చూసిన దాని మొదటి చదువు. వాచకంలో మాటలు దానికి ఎవరో చెబితే వచ్చినవి, ఈ మాట అక్షరం అక్షరం అదే కట్టుకున్నది. కట్టినవాడికి గోడలో ఏ ఇటుక ఎక్కడుందో తెలుస్తుంది కదా.

మర్నాటి నుంచి చివరి పీరియడు మారిపోయింది. బోర్డు మీద ఏమీ రాయను. ఒక మాట చెబుతాను. వాళ్లు దాన్ని సాగదీసి పలుకుతారు, ఎన్ని ముక్కలు వినపడితే అన్ని చప్పట్లు కొడతారు, రాస్తారు. రాసింది పక్కవాళ్లకి ఇస్తారు. పక్కవాళ్లు ఉన్నది ఉన్నట్టు చదవాలి. 'కాకి' అని రాయబోయి 'కకి' అని రాసినవాడికి పక్కవాడు "కకి!" అని అరిచి వినిపించేవాడు. గదంతా గొల్లుమనేది. రాసినవాడు గబగబా దీర్ఘం తగిలించుకునేవాడు. నేను ఇంటూ గుర్తు పెట్టలేదు, ఎర్ర సిరా వాడలేదు. ఎర్ర సిరా నా దగ్గర ఉంటే కదా! మాటలు కూడా వాచకంలోవి కావు. బండి, రైలు, పకోడి, మేక, లారీ, తాత. ఒక్కో రోజు వాళ్లే మాటలు చెప్పేవారు. వినకూడనివీ ఒకటి రెండు వచ్చాయి. స్కేలు చూపించాను.

నేను రోజూ గుణింతం పటం ముందు ఆ పిల్లని నిలబెట్టేదాన్ని. మొదట్లో ప్రతిసారీ మొదటి స్టేషన్ నుంచే ప్రయాణం. కొన్నాళ్లకి రెండో స్టేషన్లో ఎక్కడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి ఎక్కడ చూపిస్తే అక్కడ ఎక్కేది. ఒత్తుల దగ్గర మాత్రం బండి పట్టాలు తప్పేది.

మంచి పని రహస్యంగా చేస్తే దానికీ దొంగతనం వాసన వస్తుంది. ఒకరోజు పెద్ద మేడమ్ చివరి పీరియడులోనే మేడ దిగి వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. లోపల పిల్లలు చప్పట్లు కొడుతూ "ప-కో-డి" అంటున్నారు. మధ్యలో నేను, నడుముకి కొంగు బిగించి.

"ఆయమ్మా, ఏమిటిది? టీచర్ ఎక్కడ?"

టీచరమ్మ పేరు ఎలా చెప్పను? ఈలోగా పొడుగు పిల్ల లేచి నిలబడింది. "టీచర్ కంప్యూటర్‌కు పోయింది మేడమ్, రోజు పోతది" అంది, నన్ను కాపాడుతున్నాననుకుని.

మర్నాడు పొద్దున్న ఇద్దర్నీ ఆఫీసు గదిలో నిలబెట్టింది. పెద్ద మేడమ్ చెడ్డ మనిషి కాదు. భర్త పోయాక ఆ బడిని ఒంటి చేత్తో లాక్కొస్తోంది. గొంతు పెంచకుండా మాట్లాడటమే ఆవిడ గొంతు పెంచడం.

"ఒకటో క్లాసుకి ఆయమ్మ పాఠాలు చెబుతోందని పేరెంట్స్‌కి తెలిస్తే, కింద ఉన్న ఆ పదకొండు మందీ మిగలరు. తెలుసా మీకు?"

టీచరమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు అలవాటు లేదు. "తప్పే మేడమ్. నన్ను గది గుమ్మం తొక్కొద్దంటే తొక్కను. కానీ ఈ పద్ధతి ఆపొద్దు. ఆ పిల్ల ఈసారి పాసవకపోతే బడి మానేస్తుంది" అన్నాను.

"ఏ పద్ధతి?"

చెప్పాను. కాగితాలు తెచ్చి చూపించాను, నాట్లవీ, అడ్డంగా రాసినవీ. ఆవిడ వాటి వెనక ఉన్న కంప్యూటర్ అంకెల్ని కూడా తిప్పి చూసింది. కాగితాలు సర్ది నా చేతికి ఇచ్చేసింది. చివరికి అంది: "ఇక మీరు ఆ క్లాసులోకి వెళ్లొద్దు. టీచర్ చివరి పీరియడు ఎక్కడికీ వెళ్లదు. ఈ సంవత్సరం రీడింగ్ పరీక్ష నేనే పెడతాను. వాచకంలోంచి కాదు. అప్పజెప్పేవాళ్లని నేనూ చాలామందిని చూశాను. చదివినవాళ్లే రెండో క్లాసు."

బయటికొచ్చాక టీచరమ్మ ముక్కు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "నీ తీరుగనే నేను చేస్త ఆయమ్మా. ఏదన్న తప్పు జేస్తె కిటికీల నుంచి సైగ చెయ్యి."

కంప్యూటర్ క్లాసుని సాయంత్రం ఆరింటికి మార్చుకుంది. పరీక్ష దాకా ఉన్న ఆ మూడు వారాలూ, చివరి పీరియడు వేళకి వరండా ఊడ్వడం నాకు ఎంతకీ తెమిలేది కాదు. అంత శుభ్రంగా ఆ వరండా ముందెన్నడూ లేదు.

పరీక్ష రోజు వచ్చింది. శుక్రవారం, చివరి పీరియడు. పెద్ద మేడమ్ ఒక్కొక్క పిల్లనీ ముందుకి పిలిచి, బోర్డు మీద అప్పటికప్పుడు రెండు వాక్యాలు రాసి చదవమంటోంది. చదివాక తుడిచేసి ఇంకొకళ్లకి వేరేవి. తొమ్మిది మంది గట్టెక్కారు, ఒకడు సగంలో కూర్చున్నాడు. పొడుగు పిల్ల చివరి బల్ల కదా, దాని వంతు చివరికి వచ్చింది. అప్పటికి గడియారంలో నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ.

"నాలుగింటికి పైన నాకు మీటింగు ఉంది. గంట కొట్టేలోపల అయిపోవాలి" అంది మేడమ్.

మా బడి గంట అంటే వరండా దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాని పక్కన ఇనప కడ్డీ పట్టుకుని నేను. కిటికీలోంచి బోర్డు కనిపిస్తోంది.

'బండి పక్కన అమ్మ నిలబడింది. పాప నీళ్లు తెచ్చింది.'

పిల్ల బోర్డు వంక చూసింది. నోరు తెరవలేదు. టీచరమ్మ గోడకి ఆనుకుని గోళ్లు కొరుక్కుంటోంది. పిల్ల చూపుడు వేలు గౌను మీద ఏదో గీస్తోంది. నాకు అర్థమైంది. దానికి మాట ముందు చేతిలోకి రావాలి, తరవాత నోట్లోకి.

"బం... డి. బండి. ప... పక్... కన."

మెల్లిగా, చీమ బెల్లపు ముక్క లాక్కెళ్లినట్టు.

నాలుగైంది.

పదిహేడేళ్లలో నేను గంట ముందు కొట్టలేదు, వెనక కొట్టలేదు. జ్వరంతో ఉన్నా, మా ఆయన ఆసుపత్రిలో ఉన్నా, గంట వేళకి గంటే. మా వీధిలో వాళ్లు నా గంట విని గడియారాలు సరిచేసుకునేవారు. కడ్డీ ఎత్తాను. ఎత్తిన చెయ్యి దించాను. కొట్టలేదు.

"అమ్... మ. నిల... బడిం... ది. నిలబడింది!"

మేడ మీద బల్లలు కదులుతున్నాయి. సంచులు సర్దుకుంటున్న చప్పుడు. పైనుంచి ఒక టీచరు తొంగి చూసింది. "ఆయమ్మా, టైమయింది! నిద్రపోతున్నారా?"

"గడియారం ఆగింది" అన్నాను. నా తల మీద ఉన్న గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"పాప... నీ... నీ..." ఒత్తు దగ్గర ఆగిపోయింది. గౌను మీద వేలు రెండుసార్లు తిరిగింది. నేను కడ్డీని ఎంత బిగించి పట్టుకున్నానంటే, సాయంత్రం దాకా అరచేతిలో గాడి ఉంది. అందించాలని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. అందిస్తే మళ్లీ అప్పజెప్పడమే.

"నీళ్... నీళ్లు! నీళ్లు తెచ్... చింది. తెచ్చింది."

మేడమ్ ఇంకా కదల్లేదు. "పాప ఏం తెచ్చింది?"

"నీళ్లు."

"ఎవరికి?"

"వాళ్లమ్మకు. గని మేడమ్, గది తప్పు. మా అమ్మకు నీళ్లు కాదు, మూడు గంటలు గొట్టంగ చాయ్ గావాలె. లేకుంటె తల్కాయ నొస్తది."

పెద్ద మేడమ్ నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. టీచరమ్మ అయితే చున్నీతో మొహం దాచుకుంది. మేడమ్ రిజిస్టరులో ఏదో రాసి, ఒక్క క్షణం కిటికీలోంచి నన్నూ, నా చేతిలో కడ్డీనీ చూసింది. తన చేతి గడియారం కూడా చూసుకుంది. అప్పుడు సుద్దముక్క ఆ పిల్లకి ఇచ్చింది.

"చదివావు. రెండో క్లాసు. ఇప్పుడు నీ ఇష్టమొచ్చింది ఏదైనా ఒకటి రాయి, చూస్తాను."

పిల్ల బోర్డు వైపు తిరిగింది. గొణుక్కుంది. అచ్చం నాలాగే, ఎవర్నో తిడుతున్నట్టు. అడ్డంగా, ఎడమ నుంచి కుడికి, రాసి పక్కకి తప్పుకుంది.

'ఆయమ్మ గంట కొటు.'

ఒత్తు ఒకటి తక్కువ. ఆ బడిలో నేను మోసిన సర్క్యులర్లకి లెక్కలేదు, నాకు చదవడం వచ్చిన మొదటిది అదే. చదివాను. కొట్టాను. పదకొండు నిమిషాలు ఆలస్యంగా.

పిల్లలు వరదలా బయటపడ్డారు. నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. ఇస్త్రీ బండి ఆవిడ అక్కడే నిలబడి ఉంది.

"గంట గింత లేటాయె ఏంది ఆయమ్మా? నేను పరేషానైన."

"నీ కూతురు కొట్టమని రాసేదాకా కొట్టలేదు."

"రాసిందా?"

"రాసింది. చదివింది. రెండో క్లాసు. యాప్రాల్లో వాళ్లని ఇంకో మనిషిని చూసుకోమను."

ఆవిడ బొగ్గు మసి అంటిన చేత్తో కొంగు సర్దుకుంది, సర్దిన కొంగునే మళ్లీ సర్దుకుంది. ఈలోగా పొడుగు పిల్ల వచ్చి, రోజూ అలవాటు ప్రకారం నా ముందు ఎడమ చెయ్యి చాపి చూపించింది. కుడి గుప్పిలి మాత్రం వీపు వెనక దాచుకుంది. గౌను వెనక తెల్లగా మరక. మేడమ్ ఇచ్చిన సుద్ద. కొత్తది, సగం కూడా అరగనిది. బడి సొత్తు.

"పో ఇంక" అన్నాను. ఆ గుప్పిలి విప్పమనలేదు.